ఏ కథకు ఎవరు అధికారి?



నిన్నటి సాయంత్రం మనం అజామిళోపాఖ్యానం చెప్పుకున్నాము. తండ్రి ఆజ్ఞపై సమిధలకు, దర్భలకు అడవికి వెళ్లిన ఒక సదాచారవంతుడైన యువకుడు తిరుగుదారిలో ఒక దృశ్యాన్ని చూచినాడు. చూచినది ఒక్కసారే. ఆ చూపుతో అతని జీవితమే దారి తప్పినది. ఆ కథ విన్న ఒక తల్లి, ప్రవచనానంతరం నాకొక చీటీ ఇచ్చినారు. పేరు చెప్పకుండా ఆ ప్రశ్నను ఈనాడు మీ ముందుంచుతున్నాను.

ఆమె కుమారుడు పదవ తరగతి విద్యార్థి. పదిహేనేండ్లవాడు. ఇంట్లో తాతగారికి మనవడి చేత "దేవదాసు" చిత్రాన్ని చూపించాలని కోరిక. అటువంటి నటన, అటువంటి గానం ఇప్పుడెక్కడ ఉన్నవి, వాడూ చూడాలి కదా అని ఆయన వాదన. తల్లికి మనస్కరించుట లేదు. తాగి తాగి ప్రాణం పోగొట్టుకున్నవాని కథ ఈ వయస్సులో వీడికెందుకని ఆమె సంశయం. చీటీ అడుగున చిన్న అక్షరాలతో మరొక వాక్యం ఉన్నది. రెండు నెలలుగా పిల్లవాడు ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడుట లేదట. ఆ వాక్యాన్ని గుర్తుంచుకోండి. దానివద్దకు తరువాత వస్తాను.

దేవాలయ మండపంలో సినిమా ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చును. ఇక్కడ పురాణం విన్న చెవులే ఇంటికి పోయి ఆ పాటలు వింటున్నవి. కథ మనస్సును ఎట్లా మలచుతుందనే విచారం పురాణానికి క్రొత్త కాదు.

ముందుగా తాతగారి పక్షం చూద్దాం. పాత చిత్రం గనుక మంచిదనుట ఒక ప్రమాణం కాదు. పాతది గనుక చెడ్డది కాదని మాత్రమే ఆయన చెప్పగలరు. అయితే ఆయన మెచ్చుకున్నది సామాన్యమైన వస్తువు కాదు. శరత్‌బాబు యౌవనంలోనే వ్రాసి, చాలా ఏండ్ల తరువాత 1917లో ప్రకటించిన వంగ నవలను, వేదాంతం రాఘవయ్యగారు 1953లో తెలుగున చిత్రించినారు. అక్కినేని నాగేశ్వరరావుగారు, సావిత్రిగారు అందులో నాయికా నాయకులు. సంగీతం సి.ఆర్. సుబ్బరామన్‌గారిది. చిత్రం విడుదల కాకమునుపే, 1952లో ఆయన స్వర్గస్థులైనారు. తాగుబోతు పాత్రకు కావలసిన ఆ బరువెక్కిన కన్నుల కోసం రాత్రివేళ చిత్రీకరణ పెట్టుకుని, కడుపునిండా పెరుగన్నం తిని కెమెరా ముందు నిలిచేవాడినని నాగేశ్వరరావుగారు తరువాత చెప్పుకున్నారు. తెలుగుదేశాన్ని ఏడిపించిన ఆ మత్తు పెరుగన్నంలోనిది! పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పండి. అభినయం వేరు, అనుష్ఠానం వేరు అని వారికి ఇంతకంటె తేలికగా బోధించలేము.

ఇక తల్లి పక్షం. విషాదకథ పిల్లలకు పనికిరాదనుటయే ఆమె అభిప్రాయమైతే నేను ఏకీభవించలేను. రామాయణంలో సీతాదేవి అశోకవనంలో ప్రాణత్యాగానికి సిద్ధపడిన ఘట్టం ఉన్నది. భారతంలో నిండుసభలో ద్రౌపది పరాభవం ఉన్నది. వీటిని మనం పిల్లలకు దాచలేదు. నిద్రపుచ్చుతూ కూడ చెప్పినాము. దుఃఖాన్ని వినుటవలన పిల్లలు చెడిపోరు. వినదగిన విధంగా విననప్పుడు ఆ కథ వారిని వికలం చేస్తుంది. ఈ చిత్రంలో అటువంటి చోటు ఎక్కడున్నదో చూడవలెను.

కథ మీకు తెలిసినదే. జమీందారు బిడ్డ దేవదాసు, పొరుగింటి పార్వతి చిన్ననాటి నేస్తాలు. అంతస్తుల భేదం చూపి తండ్రి కాదన్నాడు. అర్ధరాత్రివేళ పార్వతి తానే సాహసించి అతని గదికి వచ్చి అడిగినది. అతడు నిలబడలేకపోయినాడు. పట్నం పోయి, నీపై నాకు ప్రేమ లేదని ఉత్తరం వ్రాసినాడు. వ్రాసిన తరువాత పశ్చాత్తాపపడి పరుగెత్తి వచ్చినాడు. అప్పటికి ఆమె మనస్సు గాయపడి ఉన్నది. మాటకు మాట పెరిగినది. కోపంతో ఆమె నుదుటిపై కొట్టి మచ్చ మిగిల్చినాడు. ఆమె ఈడు మీరిన ఒక జమీందారుకు భార్యయై, తనకంటె పెద్దవారైన సవతి బిడ్డలకు తల్లియై ఆ ఇంటిని నిలిపినది. ఇతడు సీసా పట్టుకున్నాడు. చంద్రముఖి అనే వారకాంత ఇతని మూలంగా తన వృత్తినే విడిచినది. ఇతడు మాత్రం సీసా విడువలేదు. చివరకు ఇచ్చిన మాట ప్రకారం పార్వతి గుమ్మం ముందుకు వచ్చి ప్రాణం వదిలినాడు.

ఆలంకారికులు వియోగాన్ని రెండు విధాలుగా చూచినారు. తిరిగి కలుసుకొనే ఆశ మిగిలి ఉన్నంతవరకు అది విప్రలంభ శృంగారం. ఆశ తెగిపోయినప్పుడు అది కరుణ. దేవదాసు కథ మొదటిదానిలో ఆరంభమై రెండవదానిలో ముగుస్తుంది. ప్రౌఢుడైన ప్రేక్షకుడు ఈ మార్పును గుర్తిస్తాడు. ఎక్కడ ఆశ తెగినది, ఎవరు తెంచినారు అని ఆలోచిస్తాడు. పదిహేనేండ్ల మనస్సు ఆ విచారం చేయదు. దానికి కనబడేది ఒక రూపం. మాసిన గడ్డం, శాలువా, చేతిలో సీసా, ప్రక్కన కుక్క. మన ఇండ్లలో "దేవదాసులా తయారైనావేమిరా" అనే మాట ఎట్లా పుట్టినది? ఆ రూపాన్ని చూచియే. డెబ్బది ఏండ్లుగా మన భాషలో ఆ మాట నిలిచి ఉన్నదంటే, ఆ రూపానికి ఎంత బలమున్నదో ఊహించండి.

ఇందులో ఒక పాట ఉన్నది. మద్యపాత్ర చేతబట్టి నాయకుడు ఈ లోకమంతా మాయ అని పాడుతాడు. ఘంటసాలగారి కంఠం. విన్నవారి గుండె కరగక మానదు. నా ఆందోళన అంతా ఈ పాటవద్దనే. మాయ అనే మాట మనది. శంకర భగవత్పాదులు వివేకానికి ఫలంగా ఉపదేశించిన మాట. నిత్యానిత్య వస్తువివేకం కలిగి, శమదమాదులు అలవడి, అప్పుడు జగత్తు మిథ్య అనవలసినవాడు ఆ మాట అంటాడు. ఇక్కడ అదే మాటను ఓడిపోయి తూలుతున్నవాడు అంటున్నాడు. శబ్దం ఒకటే, స్థితి వేరు. మొదటిది సత్త్వం, రెండవది తమస్సు. శ్మశానవైరాగ్యమని పెద్దలు దేనిని అంటారో, దానికంటె కూడ ఇది తక్కువది. శ్మశానవైరాగ్యం ఇంటికి వచ్చి స్నానం చేయగానే పోతుంది. ఇది సీసాతో పెరుగుతుంది.

నలుబది ఏండ్లవాడు ఈ పాట విని, అయ్యో ఎంత పతనమైనాడని జాలిపడతాడు. పదిహేనేండ్లవాడు విని, ఎంత గొప్ప జ్ఞానం చెప్పినాడని తలయూపుతాడు. పరీక్ష తప్పినవాడు, స్నేహితుడు మొగం చాటువేసినవాడు, ఒక పిల్ల నవ్వలేదని కుమిలిపోయేవాడు, వీరందరికీ తమ దిగులు హఠాత్తుగా వేదాంతంలా కనిపిస్తుంది. తన్ను తాను నాశనం చేసుకొనుట ప్రేమ లోతుకు కొలత అనిపిస్తుంది. తాగుడును అనుకరించుట కంటె ఈ భ్రాంతి సూక్ష్మమైనది. అందుకే ఎక్కువ ప్రమాదకరమైనది.

అయితే చిత్రానికి అన్యాయం చేయరాదు. తాగుడు ఫలితం మరణమని అది దాచలేదు. 2017లో వచ్చిన "అర్జున్ రెడ్డి"లో కూడ ప్రేమ విఫలమై వైద్యుడొకడు వ్యసనాలలో మునుగుతాడు. అక్కడ నాయకుడు చివరకు కోరినదానిని పొందుతాడు. సెన్సారు వారు దానికి "ఎ" ముద్ర వేసినారు గనుక పద్దెనిమిది నిండనివారి విషయంలో చర్చయే లేదు. కర్మకు ఫలాన్ని చూపిన కథ ఒకటి, ఫలాన్ని మాఫీ చేసిన కథ మరొకటి. నాకు మొదటిదే మేలనిపిస్తుంది.

ముద్రల మాట వచ్చినది గనుక ఒక్క మాట. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం క్రింద మొదట అందరికీ "యు", పెద్దలకు "ఎ" అని ఉండేవి. 1983లో పన్నెండేండ్ల లోపు పిల్లలకు పెద్దల పర్యవేక్షణ కావలెనని "యుఎ" చేరినది. 2023 సవరణతో అది ఏడు, పదమూడు, పదహారేండ్ల మెట్లుగా విభజింపబడినది. ఇంట్లో ఫోనులలో, టీవీలలో వచ్చే చిత్రాలకు కూడ 2021 నియమాల ప్రకారం ఇటువంటి మెట్లు, తల్లిదండ్రులు వేసుకొనే తాళం ఏర్పాటైనవి. ఇవి అవసరమే. కాని బోర్డు వయస్సును లెక్కించగలదు, మీ పిల్లవాని మనస్సును లెక్కించలేదు.

మన పెద్దలు ఈ ప్రశ్నను మరొక విధంగా ఆలోచించినారు. భరతముని నాట్యశాస్త్రంలో శయనం, చుంబనం, ఆలింగనం వంటివి రంగస్థలంపై చూపరాదన్నాడు. దానికి ఆయన చెప్పిన కారణం చూడండి. నాటకాన్ని తండ్రి, కొడుకు, అత్త, కోడలు కలిసి చూస్తారు గనుక అన్నాడు! నాయకుని వధను ప్రత్యక్షంగా చూపరాదని కూడ లక్షణకర్తలు నియమించినారు. భాసుని పేర ప్రసిద్ధమైన ఊరుభంగం వంటి అపవాదాలు లేకపోలేదు. ఈ నియమాలకు మూలం ఒక్కటే. నాటకం సభలో చూడవలసినది. ప్రక్కన మనవారున్నారు. కన్నీరు వస్తే వారు చూస్తారు, సందేహం వస్తే వారిని అడుగవచ్చును.

1953లో దేవదాసు చూచినవారు అట్లాగే చూచినారు. బండ్లు కట్టుకుని కుటుంబాలు కదిలినవి. తిరిగివచ్చే దారి పొడుగునా పార్వతిది తప్పా, తండ్రిది తప్పా అని వాదులాడుకున్నారు. ఆ వాదులాటయే చికిత్స. నేటి పిల్లవాడు చెవులలో తీగెలు పెట్టుకుని, దుప్పటి క్రింద, అరచేతి అద్దంలో ఒంటరిగా చూస్తున్నాడు. చిత్రం అదే, సభ లేదు.

భాగవతంలో రాసక్రీడాఘట్టం వినగానే పరీక్షిత్తు ఊరుకున్నాడా? ధర్మస్థాపనకు వచ్చిన స్వామి ఇట్లా చేయవచ్చునా అని నిలదీసినాడు. శుకమహర్షి కోపించలేదు. రుద్రుడు కాలకూటం త్రాగినాడని ఇతరులు త్రాగరాదు, మనస్సులో కూడ అనుకరించరాదని సమాధానమిచ్చినాడు. వక్త ఎదుట ఉన్నాడు గనుక శ్రోత అడుగగలిగినాడు. దుప్పటి క్రింద చూచేవాడు ఎవరిని అడుగుతాడు?

దీనినే శాస్త్రం అధికారిభేదం అన్నది. ఒకే ఔషధం ఒకనికి పథ్యం, ఒకనికి అపథ్యం. కనుక దేవదాసు పిల్లలకు తగునా తగదా అని ఒక్క మాటలో తేల్చుమంటే నేను తేల్చను. పదమూడేండ్లవానికి వద్దు. వానికి అందులోని దుఃఖం అర్థం కాదు, రూపం మాత్రం అంటుకుంటుంది. పదహారు దాటి, నలుగురిలో కలిసిమెలిసి తిరుగుతూ, తప్పును తప్పని అనగలిగిన పిల్లలకు తాతగారి ప్రక్కన కూర్చోబెట్టి తప్పక చూపించండి. ఆడపిల్లలకు కూడ. నన్నడిగితే ఆ కథలో ధైర్యమంతా స్త్రీలదే. అర్ధరాత్రి వచ్చి అడిగినది పార్వతి, జీవితాన్ని మార్చుకున్నది చంద్రముఖి. నాయకుడు చేసిన పని ఒక ఉత్తరం వ్రాయుట. ఆ ఉత్తరం వ్రాయబోయే ఘడియలో నీవైతే ఏమి చేసి ఉందువురా అని మనవణ్ణి అడగండి. నుదుటిపై కొట్టుట ప్రేమ అవుతుందా అనీ అడగండి. అది విధి వ్రాసిన కథ కాదనీ, నిలబడవలసిన చోట నిలబడనివాని కథ అనీ అతని నోటితోనే వస్తే, ఆ చిత్రం అతనికి మేలే చేస్తుంది.

ఇప్పుడు చీటీ చివరి వాక్యం. అమ్మా! రెండు నెలలుగా మాట్లాడని పిల్లవానికి ఈ చిత్రం ఇప్పుడు వద్దు. తాతగారిని నా మాటగా కొంతకాలం ఆగమనండి. చిత్రం ఎక్కడికీ పోదు. కాని చిత్రం ఆపినంత మాత్రాన పని తీరినదని కూడ అనుకోకండి. తాతగారికి మనవడితో కూర్చోవాలనే కోరిక ఉన్నది, అది ఈ ఇంటికి ఉన్న పెద్ద ఆస్తి. మూడు గంటలు చిత్రం చూపించాలనుకున్న ఆయన, ఆ మూడు గంటలూ వానిని వెంటబెట్టుకుని ఏటిగట్టుకో తోటకో వెళ్లవచ్చును. ఉపదేశాలు వద్దు. తన పదిహేనవ యేట తాను దేనికి ఏడ్చినాడో ఆయన చెప్పితే, వాడు తనది చెప్పవచ్చును. నిద్ర, తిండి తగ్గినవా, చదువు వదిలినాడా, బ్రతుకు మీద విసుగు మాటలు అంటున్నాడా గమనించండి. అట్లా ఉంటే ఆలస్యం చేయక వైద్యునికి చూపండి. మనస్సుకు వైద్యం చేయించుట పరువుతక్కువ కాదు. 2022 అక్టోబరులో ప్రభుత్వం ఆరంభించిన టెలిమానస్ సేవ ఉన్నది, 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడుతారు. ఈ రాత్రి ఇంటికి వెళ్లగానే వానిని ఏమీ అడగవద్దు. అన్నం వడ్డించి, వాడు తిన్నంతసేపు ప్రక్కన కూర్చోండి.

స్వస్తి.