బొమ్మ కింద రెండు పేర్లు
(సోమందేపల్లిలో హైస్కూలు విద్యార్థుల చిత్రలేఖన పోటీ ప్రారంభంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగం)

 

తాండాల నుంచి, పల్లెల నుంచి పొద్దున్నే బస్సులు, ఆటోలు పట్టుకుని వచ్చిన పిల్లలకు, వెంట వచ్చిన అమ్మానాన్నలకు, ఉపాధ్యాయులకు మా సంఘం స్వాగతం పలుకుతోంది.

చిత్రలేఖనం పోటీ అనగానే మన పిల్లలు రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఏరు, ఏటిలో పడవ గీస్తారు. సోమందేపల్లి చుట్టూ ఉన్నవి బండరాళ్ల గుట్టలు, వేరుశనగ చేలు. ఆ పడవ ఏ ఊరిదో గీసిన పిల్లలకే తెలియదు. అందుకే ఈసారి మేము ఒకే అంశం ఇస్తున్నాం: 'మా ఇంటి చేతిపని'.

సుగాలి ఇళ్లలో ట్రంకుపెట్టె తెరిస్తే అవ్వ పేటియా, కాంచళి, టుక్రీ కనిపిస్తాయి. అద్దాలు, గవ్వలు, రంగుదారాలు. స్కేలు, పెన్సిలు లేకుండా చతురస్రాలు, త్రికోణాలు తప్పకుండా ఎలా కుదిరాయో గమనించండి. బడి ముఖం చూడని మనిషి దారాలు లెక్కపెట్టి వేసిన లెక్క అది. ఎరుకల ఇళ్లలో బుట్ట అల్లే చేతులను చూడండి. తీజ్ పండుగలో గోధుమ మొలకల బుట్టలు మోసే అక్కలను గుర్తు చేసుకోండి.

ఇది సరదాకి చెబుతున్న మాట కాదు. ఇప్పుడు ఆ బట్టలు కట్టేవాళ్లు తగ్గిపోయారు, కుట్టేవాళ్లు ఇంకా తక్కువ. పాత పేటియాలను కొన్న వ్యాపారులు వాటిని ముక్కలు చేసి, సంచులకు అతికించి పట్టణాల్లో అమ్ముతున్నారు. ఆ సంచి మీద కుట్టిన అవ్వ పేరు ఎక్కడా ఉండదు.

పేరు నిలిస్తే పని నిలుస్తుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. పక్కనున్న కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. లేపాక్షి పైకప్పు మీద 16వ శతాబ్దపు చిత్రకారులు దేవుళ్లతో పాటు ఆడవాళ్లు కట్టిన చీరల అంచులనూ శ్రద్ధగా గీశారు. ఆనాటి నేత ఎలా ఉండేదో మనకు తెలిసింది అలాగే. ఈరోజు మీరు గీసేదీ అలాంటి దాఖలానే.

కాబట్టి మూడు నియమాలు. ఫోను చూసి గీయకూడదు. బొమ్మ కింద మీ పేరు, ఆ పని చేసినవారి పేరు, రెండూ రాయాలి. తాండా పేరు దాచకుండా రాయాలి. కాగితం, రంగులు అందరికీ మేమే ఇస్తాం. రంగుల డబ్బా కొనలేక ఎవరూ వెనకబడకూడదు. న్యాయనిర్ణేతలుగా ఒక డ్రాయింగు మాస్టారు, ఆయన పక్కనే తాండాలో ఇప్పటికీ సూది పట్టే ఒక అవ్వ కూర్చుంటారు. కుట్టు సరిగ్గా పడిందో లేదో ఆమే చెప్పాలి.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. 2015 నుంచి కేంద్ర ప్రభుత్వం 9 నుంచి 12వ తరగతి పిల్లలకు కళా ఉత్సవ్ నిర్వహిస్తోంది. మన పిల్లలను అక్కడికి పంపండి. సంప్రదాయ కళలకు అక్కడ చోటుంది.

అమ్మానాన్నలారా, బహుమతి మూడు బొమ్మలకే వస్తుంది. కానీ ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతికి అన్ని బొమ్మలనూ తాండాల్లో వేలాడదీస్తాం. తమ పేరు కాగితం మీద చూసుకోని అవ్వలకు మనవరాలే ఆ పేరు చదివి వినిపించాలి.

పిల్లలూ, కాగితాలు అందరికీ అందాయా? ఇక మొదలుపెట్టండి.