రేపు కూడా వచ్చే మనిషి

సోషల్ వర్క్‌లో పట్టా అందుకున్న మీకు నా అభినందనలు.

సంక్షేమ హాస్టల్లో ఐదో తరగతి పిల్లవాడు రోజూ పక్క తడుపుతున్నాడనుకోండి. తోటివాళ్లు వెక్కిరిస్తారు. అందుకని వాడు తెల్లారకముందే లేచి, తడిసిన దుప్పటి మడిచి ట్రంకుపెట్టె వెనక దాస్తాడు. అమ్మానాన్నలు ఇటుక బట్టీకి వలసపోయారు. ఎప్పుడొస్తారో వాడికి ఎవరూ చెప్పలేదు. డాక్టరుకు చూపించాల్సిందే. కౌన్సెలింగ్ కావాలని ఫైల్లో రాయాల్సిందే. కానీ ఈ రాత్రికి వాడికి కావలసింది నలుగురికీ తెలియకుండా దుప్పటి మార్చే ఆయా, ఆదివారం అమ్మతో ఫోన్లో మాట్లాడించే వార్డెన్. వాళ్లిద్దర్నీ అందుకు సిద్ధం చేయడం మీ పని.

పిల్లల పక్కన ఇలా నిలబడే పని మన పల్లెల్లోనే జరిగింది. ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో పశువుల వెంట, పొలాల్లో బతుకుతున్న పిల్లల్ని బడికి తెచ్చింది. వాళ్లను నేరుగా తరగతిలో కూర్చోబెట్టలేదు. బడికి సిద్ధం చేసే బ్రిడ్జి కోర్సు శిబిరాల్లో పాటలు, ఆటలు, కబుర్లతో చదువు దగ్గరికి తీసుకొచ్చారు. కేకలకే అలవాటుపడ్డ చెవికి మామూలు గొంతు అలవాటు కావద్దా మరి! ఆ పనిని నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. నాకు మాత్రం ఆ శిబిరాల్లో పిల్లలతోపాటే తిని, వాళ్ల పక్కనే పడుకున్న యువతీయువకుల మీద ఎక్కువ గౌరవం.

ఒక మాట కటువుగానే చెబుతాను. ఆరు నెలల ప్రాజెక్టు పట్టుకుని బస్తీకి వెళ్లి, పిల్లలచేత బొమ్మలు గీయించి, గుండె విప్పించి, నివేదిక రాసుకుని వచ్చేయడం తప్పు. అప్పుల బాధతో తండ్రి ప్రాణం తీసుకున్న పిల్ల మీతో అంతా చెప్పుకున్నాక మీరు కనబడకపోతే, తనను వదిలివెళ్లిన పెద్దల లెక్కలో మీరూ చేరతారు. వెళ్లక తప్పదంటే ముందే చెప్పండి. ఎవరికి అప్పగిస్తున్నారో ఆ మనిషిని వెంటబెట్టుకొచ్చి చూపించండి.

ఆ పిల్ల తల్లి పెన్షన్ కాగితాలు కదిలించడం కూడా పిల్ల మనసుకు చేసే సాయమే. వడ్డీవాడికి భయపడి తలుపులు బిగించుకున్న ఇంట్లో పిల్లకు శ్వాస సాధన ఒక్కటీ నేర్పి ఏం లాభం?

హాస్టళ్లలో పనికి చేరేవాళ్లు సంక్రాంతి సెలవులయ్యాక హాజరుపట్టీ చూడండి. రాని పిల్లల ఇళ్లకు ఆ వారమే వెళ్లండి. వాళ్లలో ఏ పిల్లకైనా పెళ్లి మాటలు నడుస్తున్నాయని తెలిస్తే వెంటనే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి. అధికారులు వచ్చి పెళ్లి ఆపి వెళ్లిపోయాక, ఊరంతా ఆ పిల్లనే తప్పుపడుతుంది. మర్నాడు, ఆ పై వారం, పరీక్షలయ్యేదాకా ఆ ఇంటికి వెళ్లాల్సింది మీరే.