ముందు రివర్స్ జోన్ చూడండి

చిన్న ఆఫీసు నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌కు ఐపీ అడ్రస్ అందుతుంది. పేరు అడిగితే అడ్రస్ వస్తుంది, అడ్రస్ ఇచ్చి పేరు అడిగితే మాత్రం జవాబు రాదు. చాలామంది అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్‌నే అనుమానిస్తారు. కానీ అడ్రస్ అందిందంటే దాని అసలు పని జరిగినట్టే. పేర్లనూ అడ్రస్‌లనూ జతచేసే డీఎన్ఎస్‌లో ఈ రెండు దిశలకూ వేర్వేరు జోన్లుంటాయి. 192.168.1 నెట్‌వర్క్‌కైతే అంకెలు తిరగేసిన 1.168.192.ఇన్-యాడర్.ఆర్పా అనే రివర్స్ జోన్ ఉండాలి, అందులో రాసే అనుమతి డీహెచ్‌సీపీ సర్వర్‌కు ఉండాలి. లాగ్‌లో ‘రెఫ్యూజ్డ్’ అని కనబడితే, చాలావరకు లోపం ఆ అనుమతిలోనే ఉంటుంది.

ఇంటర్నెట్ నడుస్తోంది కదా, ఈ రివర్స్ జోన్ ఎందుకు అనొచ్చు. నిజమే, బ్రౌజింగ్‌కు ఇది అక్కర్లేదు. కానీ లాగ్‌లోని అడ్రస్ ఏ యంత్రానిదో తేల్చడానికి ఇది సాయపడుతుంది. పోనీ, అందరికీ రాసే అనుమతి ఇచ్చేద్దామంటే, ఎవరైనా తప్పుడు పేరు నమోదు చేసేయగలరు. కాబట్టి సర్వర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసే ముందు జోన్, అనుమతి, లాగ్ ఈ వరుసలో చూడండి.