అర్చకుడు అనే మాట

(కుంభాభిషేక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మిరప కల్లాలు, పత్తి చేలు విడిచి ఇందరు విచ్చేసిన ఈ శుభవేళ నేను ఒక్క మాటను గురించి మాత్రమే విన్నవించుకొంటాను. మన ఆహ్వానపత్రికలో స్వామికి నిత్యసేవ చేయువారిని 'పురోహితులు' అని అచ్చువేయించాము. చిత్తుప్రతి దిద్దినది నేనే గనుక ఆ దోషం నాదే.

పురోహితుడనగా ముందు నిలుపబడినవాడు. ఋగ్వేదారంభంలో అగ్నికే ఆ పేరున్నది. మన యింట పెండ్లికి, ఆబ్దికానికి వచ్చి కర్మ జరిపించువారు ఆయన. పంతులుగారని పిలిచేదీ ఎక్కువగా ఆయననే. ఈ యాగశాలలోని వారు ఋత్విక్కులు, అనగా ఋతువు ననుసరించి యజించువారు. క్రతువుతో వారి దీక్ష ముగుస్తుంది. (ఆ యజ ధాతువునుండే పుట్టిన యాజకశబ్దాన్ని తెలుగు బైబిలు అనువాదకులు గ్రహించినారు.)

అర్చకుడు వేరు. 'అర్చ' అంటే పూజ, విగ్రహం కూడా. విగ్రహంలో దైవసాన్నిధ్యానికి శిల్పసౌందర్యంతోపాటు అర్చకుని తపస్సునూ ఆగమజ్ఞులు కారణంగా చెబుతారు. కళాకర్షణ చేసి స్వామిని బాలాలయానికి వేంచేపు చేసిన నాటినుండి, ప్రక్కన ఉలి చప్పుడు, సిమెంటు దుమ్ము ఎంత ఉన్నా, ఆ రేకుల పందిరి క్రింద నైవేద్యం ఒక్కపూట తప్పలేదు. అది మీరు చూచినదే.

'పూజారి' తక్కువ మాట అని కొందరి భావన. నాకది సమ్మతం కాదు. పోలేరమ్మకు పూజారి, శివునికి తమ్మళివారు, పెరుమాళ్లకు నంబివారు: అమరావతి అమరేశ్వరుడు, బాపట్ల భావనారాయణుడు కొలువైన ఈ సీమలో ఆ పేర్లన్నీ గౌరవవాచకాలే.

చట్టం ఎన్నుకొన్న పదం మాత్రం అర్చకుడే. 1987 నాటి దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కును రద్దుచేసినది. 1996లో సుప్రీంకోర్టు దానిని సమర్థిస్తూ, నియామకం లౌకికమనీ, ఆయన జరిపే పూజ మతధర్మమనీ విడదీసినది. 2007లో శాసనసభ సవరణ తెచ్చి, అర్హతగల అర్చకవంశీకులు సేవలో కొనసాగేందుకు వీలు కల్పించినది. ఇంత నడిచిన మాటను మనమే మార్చి వ్రాస్తే, తరతరాలుగా గర్భాలయ ద్వారం తెరుస్తున్న కుటుంబాన్ని పిలిచినపుడు వచ్చి వెళ్లేవారి లెక్కలో కలిపినట్లే కదా!

దాతల నామఫలకం చివర అర్చకుల పేర్లున్నవి. నిన్న సాయంత్రం ఆ పంక్తిని దిద్దించాను. శిల్పిగారి ఉలి ఇంకా అంతవరకు రాలేదు.