ప్యాడ్ల గడువు, ప్రాణాల గడువు

విమానాశ్రయాల్లో, పెద్ద కార్యాలయాల్లో గోడకు అమర్చిన ఏఈడీ యంత్రాన్ని మీరు చూసే ఉంటారు. గుండె లయ తప్పి మనిషి హఠాత్తుగా కుప్పకూలినప్పుడు విద్యుత్ షాక్‌తో ఆ లయను సరిచేసే సాధనమది. షాక్ ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం దాకా తగ్గుతుందని వైద్యుల అంచనా. ఆ నిమిషాల్లో యంత్రం పనిచేయాలంటే ఛాతీకి అంటించే రెండు ప్యాడ్లు బాగుండాలి. వాటి అడుగునున్న జెల్ తడిగా ఉంటేనే గుండె లయ యంత్రానికి అందుతుంది, షాక్ ఒంట్లోకి సరిగా వెళుతుంది. కవరు విప్పకపోయినా ఆ జెల్ క్రమంగా ఎండిపోతుంది, వేడిలో ఇంకా త్వరగా. అందుకే ప్యాడ్లకు సాధారణంగా 2 నుంచి 5 ఏళ్ల గడువు ముద్రిస్తారు.

గడువు దాటిందని ఒక్కసారీ వాడని ప్యాడ్లను పారేయడం దుబారా కాదా అని కొందరు అడగవచ్చు. అవసరం రాకపోవడం అదృష్టం, సిద్ధంగా ఉండటం బాధ్యత. యంత్రం తనను తానే పరీక్షించుకుని పచ్చదీపం చూపుతోంది కదా అని మరికొందరంటారు. ఆ పరీక్ష ప్రధానంగా బ్యాటరీని, సర్క్యూట్లను చూస్తుంది. జెల్ ఎండిన సంగతిని అన్ని యంత్రాలూ పసిగట్టలేవు. ఆపద వేళ గడువు దాటిన జతే దొరికితే దాన్నే వాడి చూడాలి. ఈలోగా చేస్తున్న సీపీఆర్‌ను, అంటే ఛాతీ నొక్కడాన్ని, యంత్రం ఆపమన్నప్పుడు తప్ప మానకూడదు. కానీ ఆ దుస్థితి రాకుండా చూడటం మన చేతిలోనే ఉంది. ప్రతి యంత్రానికీ ఒక బాధ్యుణ్ణి నియమించండి. నెలకోసారి తేదీ, కవరు చూడండి. ఆ మోడల్‌కు సరిపోయే కొత్త జతను గడువుకు ముందే తెప్పించండి.