కాఫీగింజకు ఊరి పేరు

(ముదిగుబ్బలో పంచాయతి సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



శెనక్కాయ పండు నేలమీద నిలిచి కాఫీనిగూర్చి మాటలాడుట మీకు వింతగా తోచవచ్చును. స్టేషనులో రైలు దిగి ఇచ్చటికి వచ్చు దారిలో మాకు కనబడిన కాఫీ హోటలు గ్లాసులలోనిదే గాని చెట్టుమీదిది కాదు. పూర్వపు అనంతపురము జిల్లాలో ఏడాదికి సగటున కురియు వాన 550 మిల్లీమీటర్ల ప్రాంతమున నుండును. అరబికా కాఫీకి అంతకు రెండు మూడు రెట్లు వానయు, సుమారు మూడువేల అడుగుల ఎత్తును, పెద్దచెట్ల నీడయు కావలెను. కావున ఇచ్చట కాఫీ వేయుడని చెప్పుటకు మేము రాలేదు. ఎవరైన వచ్చి అట్లు చెప్పి మొక్కలు అమ్మజూపినచో కొనకుడని మాత్రము చెప్పుచున్నాము.

మేము వచ్చిన పని వేరు. రాష్ట్రమునకు ఆ కొసను, అరకు లోయలో, ఎకరము రెండెకరముల కొండవాలు తప్ప మరేమియు లేని గిరిజన రైతులు తాము పండించిన గింజకు తమ సీమ పేరు దక్కించుకొనిరి. ఆ పేరు వారికెట్లు వచ్చినది, దానిని నిలుపుకొనుటకు దినదినము వారేమి చేయవలసి వచ్చుచున్నది అను విషయము, గ్రామ వ్యవహారములు చూచు మీవంటి వారు వినదగినదని మా నమ్మకము.

ముందుగా హోటలు గ్లాసునే చూతము. అందులోని పొడి ఏ కొండ గింజయో హోటలు యజమానికి తెలియదు. అతనికి పొడి అమ్మిన వర్తకునికిని తరచు తెలియదు. పలు తోటల గింజలు కలిసి వేగును, పొడియగును, ఆపైన చికోరి కలియును. ప్యాకెట్టుమీద పాలెంతయో వ్రాసి కలిపినంతవరకు ఇందు మోసమేమియు లేదు. మనకు ఆ రుచియే అలవాటు. కాని కలుపుటలో ఒక చిక్కు కలదు. మంచి గింజయు, నాసి గింజయు ఒకే సంచిలో పడినప్పుడు ధర రెంటికిని నడుమ నిలుచును. ఎక్కువ శ్రద్ధ చూపినవాని కష్టఫలము కొంత, శ్రద్ధ చూపనివాని సంచిలోనికి జారిపోవును. మరుసటి ఏడు మొదటివాడు మాత్రము ఎందులకు శ్రమపడును?

మన దేశమున చాలకాలము చట్టమే ఇట్లు కలిపినది. రెండవ ప్రపంచయుద్ధమువలన ఐరోపా బేరము పడిపోయి కాఫీ తోటలు మునుగు స్థితి వచ్చెను. 1942 నాటి కాఫీ చట్టము ననుసరించి రైతులందరును తమ పంటను కాఫీ బోర్డు ఉమ్మడి నిలువకు అప్పగించి, బోర్డు అమ్మిన పిదప వాయిదాలుగా సొమ్ము పొందుచుండిరి. ఆ దినములలో అది రైతును కాచిన ఏర్పాటే. దానిని తప్పుపట్టువారిలో మేము లేము. అయితే ఏ తోట గింజ ఏ దేశమునకు పోయెనో పండించినవానికి తెలియకుండెను. 1990ల తొలినాళ్ళనుండి సడలించుచు వచ్చి, 1996 నాటికి ఈ కట్టుబాటును పూర్తిగా తొలగించినారు. తన గింజను తన పేరుతో అమ్ముకొను స్వేచ్ఛ రైతునకు అప్పుడు కలిగినది. ధరలు పడినప్పుడు ఆదుకొను దిక్కు పోవుటయు అప్పుడే జరిగినది.

ఈలోపల బయటి దేశములలో కాఫీ త్రాగువారి అభిరుచి మారుచు వచ్చెను. 1974లో ఎర్నా క్నుట్సెన్ అను అమెరికా వర్తకురాలు, ప్రత్యేకమైన నేల, ప్రత్యేకమైన వాతావరణము గల సీమలనుండి వచ్చు మేలిరకపు గింజలకు ‘స్పెషాలిటీ కాఫీ’ అని పేరు పెట్టినది. నేడు ఈ వ్యాపారమున రుచి చూచుటయే వృత్తిగా గలవారు, వరుసగా గిన్నెలలో కాఫీ పోసి, చెంచాతో తీసి, చప్పుడగునట్లు పీల్చి, వాసనకు, పులుపునకు, తీపికి, నోట నిలుచు రుచికి వేర్వేరుగా మార్కులు వేయుదురు. నూటికి 80 దాటినచో అది స్పెషాలిటీ కాఫీ. ఇతర సీమల గింజ కలియక, ఒకే సీమనుండి, కొన్ని వేళల ఒకే ఊరినుండి లేక ఒకే తోటనుండి వచ్చినదానిని ‘సింగిల్ ఆరిజిన్’ అందురు. మన భాషలో ‘ఒకేచోటి కాఫీ’ అనిన సరిపోవును.

అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతములు నాడు విశాఖపట్టణము జిల్లాలోనివి. 2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో నున్నవి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థయు, అటవీశాఖయు, పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థయు, కాఫీ బోర్డును వేర్వేరు కాలములలో అచ్చట కాఫీని వ్యాపింపజేసినవి. పోడు కొట్టి చిరుధాన్యములు చల్లుకొను కొండవాలున సిల్వర్ ఓక్ చెట్లు నాటి, వాని నీడలో కాఫీ మొక్కలు పెట్టి, ఆ చెట్లకే మిరియపు తీగ ప్రాకించిరి. మొక్క కాపునకు వచ్చుటకు మూడు నాలుగేండ్లు పట్టును. ఆకలిగొన్న ఇంటికి నాలుగేండ్లు ఎంత పొడవో మీకు చెప్పనక్కరలేదు. నేడు ఆ జిల్లాలో లక్ష ఎకరములకు మించి కాఫీ కలదు.

చెట్లు పెరిగినంతమాత్రమున పేరు రాలేదు. రైతులు కాయను ఎండబెట్టి వారపు సంతలో, ముందుగా అప్పు తీసికొన్న వర్తకునికే, అతడు చెప్పిన ధరకు కొలిచిన దినములు చాల గడచినవి. 2000 తరువాత నాంది ఫౌండేషన్ అను సంస్థ అచ్చటి రైతులతో పనిచేయ మొదలిడెను. రైతులు 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము క్రింద తమ సంఘమును ఏర్పరచుకొనిరి. అటుపిమ్మట గట్టిగా మారినది చెట్టు కాదు, కోత, ఆరబోత.

కాఫీ చెట్టు వేసవి జల్లుతో తెల్లగా పూయును. నవంబరు మొదలు కాయ పండబారును. ఒకే కొమ్మమీద పచ్చి కాయ, దోరకాయ, ఎఱ్ఱని పండు ప్రక్కప్రక్కనే యుండును. కొమ్మను చేతితో దూసినచో పని త్వరగా తెమలును, అన్నియు కలిసి బుట్టలో పడును. ఎఱ్ఱనిదానిని మాత్రమే ఏరి కోసినచో అదే చెట్టు దగ్గరకు మూడు నాలుగు మారులు రావలెను. కోసిన పండ్లను ఆ దినమే నీటిలో వేసి తేలినవానిని తీసివేయవలెను. పల్పరుతో తొక్క తీయవలెను. గింజనంటిన జిగురు పులిసి విడువగానే కడుగవలెను. పులియుట చాలకున్న జిగురు పోదు, మించిన పాడువాసన పుట్టును. ఆపైన నేలమీద గాక, వలపరచిన బల్లలమీద పలుచగా పోసి, పగలు త్రిప్పుచు, రాత్రి కప్పుచు, తేమ 10, 11 శాతమునకు దిగువరకు ఎండబెట్టవలెను. ఎండిన గింజకు వాసన పట్టు గుణము మెండు. మిరపకాయల ప్రక్క నుంచినచో ఆ ఘాటు గిన్నెలో తేలును. ఇంతయు జరిగి ఆరు కిలోల పండ్లకు ఒక కిలో గింజ చేతికి వచ్చును. ఈ పనిలో అధికభాగము స్త్రీల చేతిమీదుగా జరుగునది.

కోతకాలమున అచ్చట మేము చూచినదొకటి చెప్పెదము. సాయంకాలము పండ్లు తూచు చోటికి ఒక రైతు బుట్ట తెచ్చినాడు. పైన ఎఱ్ఱని పండ్లు, లోపల సగము పచ్చివి. తూచువాడు అతని పేటవాడే, బహుశః చుట్టమే. అతడు బుట్టను టార్పాలిన్ మీద కుమ్మరించి, పచ్చికాయలు ఏరి ప్రక్కకు పెట్టుమని మాత్రము చెప్పినాడు. రైతునకు కోపము వచ్చినది. వెనుక వరుసలో నున్నవారెవరును అతని పక్షమున పలుకలేదు. ఇద్దరు స్త్రీలు కూర్చుండి తామును ఏరసాగిరి. చీకటి పడువరకు ఏరిన పిదప తూకము పడినది. ఆ లోయకు పేరు తెచ్చినది ఆ గంట పని యని మేమనుకొనుచున్నాము. ఒక్క బుట్ట పచ్చికాయ కలిసినచో ఆనాటి పోగంతయు మార్కులు కోల్పోవును, నష్టము వరుసలోనివారందరిది.

ఇక పేరు సంగతి. భౌగోళిక సూచికల చట్టము మన దేశమున 1999లో వచ్చి, 2003 సెప్టెంబరునుండి అమలున నున్నది. ఒక సీమ పేరును ఆ సీమ వస్తువునకే ఉంచు చట్టమిది. డార్జిలింగు తేయాకుతో మొదలైనది. కాఫీ బోర్డు కోరికపై 2019లో ‘అరకు లోయ అరబికా’ నమోదైనది. కూర్గు, చిక్కమగళూరు, బాబాబుడన్‌గిరి అరబికాలును, వయనాడు రోబస్టాయు అప్పుడే నమోదైనవి. అరకు సూచిక పరిధిలో ఒడిశా కొండ ప్రాంతమును కలదు. మొక్క రాష్ట్ర సరిహద్దు నెరుగదు గదా!

పేరునకు ఇంత పట్టుదల యేల యని అడుగవచ్చును. కాఫీకి పుట్టినిల్లైన ఇథియోపియా ప్రభుత్వము 2005లో సిదామో, హరార్, యిర్గచెఫె అను తన సీమల పేర్లను అమెరికాలో వ్యాపార చిహ్నములుగా నమోదు చేయనెంచినది. అచ్చటి కాఫీ వర్తకుల సంఘము అభ్యంతరము తెల్పినది. స్టార్‌బక్స్ కంపెనీతో తగవు పెరిగి, 2007లో గాని ఒప్పందము కుదురలేదు. గింజ కొనువాడు గింజతో పాటు పేరును ఉచితముగా కొనిపోవుట ఎంతటి నష్టమో ఆ పేదదేశము గ్రహించినది.

2017లో అరకు పేరుతోనే ప్యారిస్ నగరమున కాఫీ అంగడి తెరచినారు. మరుసటి ఏట అచ్చట దానికి బంగారు పతకము లభించినది. సంతోషింపదగినదే. కాని ప్యారిస్‌లో కప్పు ధర చూచి అరకు రైతు ఇంట సిరి కురియుచున్నదని తలచిన పొరపాటు. వేయించుట, ఓడ కిరాయి, అంగడి అద్దె అన్నియు ఆ ధరలోనే యుండును. సంఘము లెక్క రైతునకు తెలిసినప్పుడే ఊరి పేరువలన వచ్చిన లాభము ఊరికి చేరినదో లేదో తేలును. ఇట్టి సంఘముల విషయమున మేము మొదట అడుగునది పతకము కాదు, పద్దు పుస్తకము.

పేరున్న పంటకు భయములును కలవు. కాయలోపల తొలుచు పురుగు నీలగిరిలో 1990లో మన దేశమున మొదట కనబడినది. 2025 ఆగస్టులో అది అరకు లోయలో బయటపడినది. పురుగు సోకిన తోటలలో కాయ కోయించి నాశనము చేయించవలసి వచ్చినది. తన తోటలో పురుగు చూచిన రైతు దాచక చెప్పుట, చెప్పినవానికి పరిహారము అందుట, పొరుగువాడు తన తోట వెదకుకొనుట: ఇవన్నియు గ్రామములోపల జరుగవలసిన పనులు. చెప్పినవాడు నష్టపోయి దాచినవాడు బాగుపడిన నాడు మరి ఎవ్వరును చెప్పరు.

ఇప్పుడు మన నేలకు వత్తము. అరకు చేసినదెల్ల ముదిగుబ్బ చేయగలదని మేము అనము. నూనె మిల్లునకు పోవు శెనక్కాయను ఏ ఊరిదని ఎవరును అడుగరు. అచ్చట నూనె పాలే ధర. విత్తనపు కాయ మాటయో? కదిరి పరిశోధనా కేంద్రమునుండి వచ్చిన కె-6, కదిరి లేపాక్షి రకములను కల్తీ లేక నిలిపిన ఊరు ఏదియని రైతులు వెదకుచునే యుందురు. తినుటకు పోవు పప్పునకు బూజువలన పుట్టు అఫ్లాటాక్సిన్ అను విషము లేకుండుట ముఖ్యము. కాయ ఊరు దినములలో బెట్ట తగిలినను ఆ బూజు చేరును. వానను రప్పించుట మన చేత లేదు. కాయను 8 శాతము తేమకు దిగువరకు ఎండబెట్టి గోతమెత్తుట మన చేతిలోనిది. చింతపండు చూడుడు: హిందూపురము మార్కెట్టులో కరిపులి, ఫ్లవర్ అను రకములకు ధరలు వేర్వేరు. గింజ, నార తీసిన శుభ్రతను కొనువాడు ఎంచి చూచును. అచ్చట ఒక ఊరివారు కలిసి ఒకే తీరున తీసినచో ఆ ఊరి పేరు రెండు మూడేండ్లలో దళారి నోటనే వినబడును. దానికి ఏ నమోదును అక్కరలేదు.

నమోదు ఒక్కటియే చాలదనుటకు సాక్ష్యము మీ ప్రక్కనే కలదు. ధర్మవరపు చేనేత పట్టుచీరకు భౌగోళిక సూచిక వచ్చినది. అయినను మరమగ్గముపై నేసిన నకలు చీర అదే పేరుతో అమ్ముడగుచున్నదని నేతగాండ్ర మొర. నమోదైన పేరును వాడుకొనుటకు నేతగాడైనను రైతైనను తానును అధీకృత వినియోగదారుగా పేరు వ్రాయించుకొనవలెను. ఇది చాలమందికి తెలియదు. తెలిసినవారు దరఖాస్తునకు జడిసి ఊరకుందురు. పంచాయతి కార్యాలయమున ఆ కాగితము నింపిపెట్టు ఒక్క మనిషి యున్నను మేలే.

సభ్యులారా, పచ్చికాయల బుట్ట తెచ్చినవాడు మీ వార్డువాడైనచో ఏమి చేయుదురని మిమ్ము అడుగవలెనని మాకున్నది. తూచుపనిలోనికి పంచాయతి సభ్యుడు రాకుండుటయే మంచిదని మా అభిప్రాయము. వోటు అడుగవలసినవాడు బుట్టను కాదనుట కష్టము. ఆ పనికి రైతులు తామే ఎన్నుకొన్న మనిషిని నిలిపి, అతని మాటకు అడ్డుపడకుండుట పంచాయతి చేయగల ఉపకారము. ఆరబోయుటకు కళ్ళము, పైకప్పు, సరియైన కాటా, తేమ కొలుచు యంత్రము సమకూర్చుట రెండవది.

మేము వెంట రెండు చిన్న సంచులు తెచ్చినాము. ఒకదానిలో అరకు పార్చ్‌మెంటు కాఫీ. రెండవదానిలో ఈ ఉదయమున ఇచ్చటి అంగడిలో కొన్న శెనక్కాయ. యంత్రము బల్లమీద నున్నది. ముందుగా శెనక్కాయను చేతబట్టి, ఒకటి రెండు చిదిపి చూచి, తేమ ఎంతయుండునో ఒక్కొక్కరు అంచనా చెప్పుడు. కార్యదర్శిగారు వ్రాసికొందురు. తరువాత యంత్రములో పోయుదము.