“కొంటారా?” అని అడుగుట

మా వీధిలో ఒక పెద్దమనిషి ఉండెడివారు. ఉద్యోగ విరమణ చేసిన పిమ్మట, నీరు అక్కరలేకుండ కుక్కలకు స్నానము చేయించు పొడి నొకదానిని తయారు చేయించి అమ్మవలెనని సంకల్పించినారు. సరుకు తయారు కాక మునుపే నలుగురి అభిప్రాయము తెలిసికొనుట మంచిదని వారికి తోచినది. తోచిన మాట సరియైనదే. ఒక సాయంకాలము మా ఇంటికి వచ్చి, కాఫీ పుచ్చుకొని, “ఇటువంటి పొడి వస్తే మీరు కొంటారా?” అని అడిగినారు.

“ఎందుకు కొనమండీ, తప్పకుండా కొంటాం” అంటిని నేను. “చాలా మంచి ఆలోచన, అన్నయ్యగారూ” అని నా భార్య లోపలినుండి పలికినది. వీధిలో తక్కిన ఇండ్లవారును ఈ మాటయే చెప్పినట్లున్నారు. విరమణనాడు చేతికి వచ్చిన సొమ్ములో సగము ఆ డబ్బాల క్రిందికి పోయినది. ఏడాది గడచినను డబ్బాలు వారి అటకమీదనే ఉన్నవి. మేము ఒక్కటియు కొనలేదు. మా కుక్కను పెరటిలో నిలబెట్టి నాలుగు చెంబుల నీళ్లు పోయుట మా అలవాటు. ఆ పని మాకు ఎన్నడును కష్టముగా తోచలేదు. ఆయన అడిగిననాడు ఈ సంగతి నాకు తెలియదా? తెలియును. కాని కాఫీ త్రాగుచున్న పెద్దమనిషి ముఖము చూచుచు “మాకు అక్కరలేదండీ” అనుట ఎట్లు?

ఆయన ఇప్పటికిని నన్ను ఒక్క మాట అనలేదు. అందువలననే నాకీ సంగతి మరపునకు రాదు.

రేపటి సంగతి అడిగినచో ఎవరైనను మర్యాదకొరకు చెప్పుదురు. ఆ జవాబునకు ఖర్చు లేదు. నిన్నటి సంగతి అడిగినచో కల్పించుట కష్టము. “క్రిందటిసారి మీ కుక్కకు స్నానము ఎప్పుడు చేయించినారు? ఎవరు చేయించినారు? ఎంత సేపు పట్టినది? అందులో విసుగు పుట్టించినదేమి?” అని ఆయన అడిగియుండినచో, నేను చెంబుల సంగతియే చెప్పియుందును. ఆయన సొమ్ము నిలిచియుండును.

అమెరికాలో మిచిగన్ రాష్ట్రమున కసోపొలిస్ అను చిన్న ఊరున్నది. 1947 శీతకాలమున అచ్చట ఎడ్వర్డ్ లో అను యువకుని వద్దకు పొరుగింటి ఆమె వచ్చి, తన పిల్లి మలవిసర్జనకు ఉంచు పెట్టెలో వేయుటకు కొంచెము ఇసుక అడిగినది. ఆమె ఇసుక గడ్డకట్టి యున్నది. బదులుగా బూడిద వేయగా, పిల్లి ఆ బూడిద కాళ్లతో ఇల్లంతయు తిరుగుచున్నది. లో తండ్రి వ్యాపారము కర్మాగారములలో నేలపై ఒలికిన నూనెను పీల్చు సరుకులు అమ్ముట. ఇసుకకు మారుగా అతడు ఎండబెట్టిన మట్టి రవ్వ నిచ్చినాడు. అది మనవారు ముఖమునకు పూసుకొను ముల్తానీ మట్టి జాతిదే. కొలది దినములకు ఆమె మరికొంత కావలెనని వచ్చినది.

లో పది సంచులలో అయిదేసి పౌనుల మట్టి నింపి, పెంపుడు జంతువుల దుకాణమునకు తీసికొనిపోయినాడు. సంచి 65 సెంట్లు అన్నాడు. ఇసుక కారుచౌకగా దొరకుచుండగా ఇది ఎవరు కొందురని దుకాణదారుడు సందేహించినాడు. అట్లయిన ఊరకనే పంచిపెట్టుమన్నాడు లో. తీసికొనిపోయినవారు మరల వచ్చి, ఈమారు డబ్బిచ్చి కొందుమన్నారు. బాగున్నదన్న మాటకును, మరల వచ్చిన మనిషికిని గల భేదమిది. అటు పిమ్మట అతడు పిల్లుల ప్రదర్శనలకు పోయి, పిల్లుల పెట్టెలు తానే శుభ్రముచేసి, అందుకు బదులుగా తన సరుకు చూపుటకు చోటు సంపాదించెడివాడట. ఇంతకంటె దగ్గరగా పోయి విచారించుట ఎవరికి సాధ్యము!

ఇటీవల నా మేనల్లుడు కుక్కల గోమార్లకు మందుపొడి చేయుదునని వచ్చినాడు. గోమార్లనే కొన్ని తావుల పిడుదులందురు. “మామయ్యా, నీ అభిప్రాయం చెప్పు” అన్నాడు. చెప్పనంటిని. ఇద్దరమును ఒక పుస్తకము పట్టుకొని కుక్కలున్న ఇండ్లకు బయలుదేరితిమి.

మొదటి ఇంట “మీ కుక్కకు గోమార్లున్నవా?” అని వాడు అడుగనే అడిగినాడు. ఇల్లాలికి కోపము వచ్చినది. మీ ఇల్లు మురికిగా నున్నదా అని అడిగినట్లే గదా అది! రెండవ ఇంట స్నానము సంగతి అడిగితిమి. “నేనే చేయిస్తాను” అన్నారు యజమాని. గుమ్మము చాటున భార్య నవ్వినది. చేయించునది పనిపిల్లవాడని తరువాత తెలిసినది. డబ్బిచ్చువారొకరు, పాటుపడువారొకరు, జవాబు చెప్పువారొకరు. అనుభవించు కుక్కకు నోరులేదు. ఇంకొక ఇంట కిరసనాయిలు గుడ్డతో తుడుతుమన్నారు. ఆ కుక్క చర్మము కమిలియున్నది.

ఒక ఇంట ముసలమ్మగారు ప్రతి సాయంత్రము అరుగుమీద కూర్చుండి, కుక్కను ఒడిలో పెట్టుకొని గోమార్లను ఏరి గిన్నెలో వేయుచున్నది. “ఒకటి తీస్తే రెండొస్తాయి నాయనా. దీని ఒంట్లోంచి కాదు, ఆ గోడలోంచి వస్తున్నాయి” అన్నది. ఆమె మాట అక్షరాల నిజము. గోమారి కుక్కపై నుండుకాలము కొద్ది. రక్తము త్రాగిన ఆడగోమారి రాలిపోయి, గోడ పగుళ్లలో వేలకొలది గ్రుడ్లు పెట్టును. పిల్లదశలలోను అంతే: ఒక్కొక్క దశలో ఒకసారి త్రాగుట, రాలుట, గోడ ఎక్కుట. మా వాని పొడి కుక్కకే గాని గోడకు గాదు.

ఆ అరుగుమీదనే కుక్క ప్రక్కన ముడుచుకొని ఒక పిల్లి నిద్రపోవుచున్నది. వాడు కలుపదలచిన మందు పెర్మెత్రిన్. తగిన మోతాదులో కుక్కలకు వాడుదురు. పిల్లికి అది విషము. పిల్లి కాలేయము దానిని విరువజాలదు. వణకు పుట్టి, మూర్ఛలు వచ్చి, ప్రాణము పోవచ్చును. ఇంటిలో ఇంకేమి పెంచుచున్నారని అడుగవలెనని మా పుస్తకములోని ప్రశ్నలలో లేదు. మేనల్లుడు ఆ పిల్లిని చాల సేపు చూచినాడు. ఇంటికి వచ్చులోపల పొడి మాట మరి ఎత్తలేదు.

ఇప్పుడు గోడ పగుళ్ల సంగతి పశువైద్యుల నడుగుచున్నాడు. మేము లేచునపుడు ముసలమ్మగారు కొంగుముడి విప్పి, “గోడకు మందు చేస్తే ముందు నాకియ్యి” అని రెండువందల రూపాయలు చాచినది. సరుకు లేదు గనుక వాడు తీసికొనలేదు. పుస్తకములో మాత్రము వ్రాసికొన్నాడు.